జబ్బు చేస్తేనే తెరిచిన ఇల్లు

మా అమ్మ తన సొంతింట్లో మొదటిసారి పడుకోవాలంటే ఆమెకు కరోనా రావాల్సి వచ్చింది. ఈ మాట ఎవరితో చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నె గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

తిరుపతి ఊరి చివర పేదలకని ప్రభుత్వం కట్టిన అపార్టుమెంట్లు ఉన్నాయి. లాటరీ తీసి అందులో ఒక ఇల్లు అమ్మ పేరు మీద ఇచ్చారు. రెండో అంతస్తు, తూర్పు వాకిలి. ఇచ్చారు అంటే, మైకులో పేరు చదివారు, చప్పట్లు కొట్టించారు, ఫోటో తీశారు. తాళం మాత్రం ఇవ్వలేదు. గోడలు లేచాయి, రంగులు పడ్డాయి, ఆ రంగులు ఎండకు వెలిసి కూడా పోయాయి. అయినా ఇవ్వలేదు. ఎప్పుడు పోయి అడిగినా ఒకటే పాట. నీళ్ల పైపు ఇంకా కలపలేదు. కాలవలు పూర్తి కాలేదు. పైనుంచి వచ్చి చూసి సరే అనాలి. ఆ తర్వాత రిజిస్ట్రేషను. ఆ తర్వాత పెద్ద సభ పెట్టి అందరికీ ఒకే రోజు తాళాలు. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా లోపల కాలు పెట్టడానికి లేదు, రూలు ఒప్పుకోదు. ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం.

అమ్మ అలిపిరి దగ్గర పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మేది. మెట్టుమెట్టుకూ పసుపు పూసి బొట్టు పెట్టుకుంటూ కొండెక్కేవాళ్లే ఆమె బేరం. నాయన ఒక సత్రంలో వాచ్‌మన్‌గా చేసి, ఆయాసం ముదిరి మానేశాడు. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. ముగ్గురం లైన్ ఇళ్లలో ఒక గదిలో ఉండేవాళ్లం. వంట, పడక, నా స్కూలు పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు, అన్నీ అందులోనే. లైన్ మొత్తానికీ ఒకే బాత్రూము. పొద్దున పూట దాని ముందు బకెట్లు వరసలో నిలబడేవి, వాటి పక్కన మనుషులు పోట్లాడుకునేవాళ్లు.

అప్పుడప్పుడూ అమ్మ షేర్ ఆటో ఎక్కి ఆ అపార్టుమెంట్ల దగ్గరికి పోయి గేటు బయట నిలబడి చూసి వచ్చేది. నన్నూ ఒకసారి తీసుకుపోయింది. బియ్యం డ్రమ్ము ఏ మూల పెట్టాలో, దేవుడి పటం ఏ గోడకు కొట్టాలో రోడ్డు మీద నిలబడే చెప్పింది. లోపల ఒక్కసారి కూడా చూడని ఇంటి గురించి అంత వివరంగా మాట్లాడే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజుల్లో ఒక పొద్దున అమ్మ పసుపు పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని, "మే, దీనికి వాసన పోయినట్టుండాది సూడు" అంది. నేను వాసన చూశాను. పసుపు బాగానే ఉంది. పోయింది అమ్మ ముక్కు. సాయంత్రానికి జ్వరం కాచింది. టెస్టు చేస్తే ఉందన్నారు.

మా వీధికి వచ్చే నర్సమ్మ మంచిది. "జాస్తి లేదు, ఇంట్లోనే ఉండి మందులేసుకుంటే తగ్గిపోతాది. కానీ వేరే గది, వేరే బాత్రూము కావాల" అంది. నాయన మాస్కు కట్టుకుని వాకిట్లో కూర్చుని ఎగరోజుతున్నాడు. ఆ జబ్బు ఆయనకు అంటితే ఏమవుతుందో నర్సమ్మ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంటి ఓనరమ్మ అయితే మేడ మీది నుంచే, "రేపటికంతా ఆమెను యాడికన్నా పంపించేయండి" అని కేకేసింది. యాడికి పంపించేది? ఆస్పత్రుల్లో మంచాల్లేవు.

వేరే గదీ బాత్రూమూ మాకు లేకపోతే కదా. ఉన్నాయి. అమ్మ పేరు మీదే ఉన్నాయి, తాళం వేసి ఉన్నాయి. నేను హౌసింగు ఆఫీసుకు పరిగెత్తాను. ఇంజనీరు కిటికీకి ఆవల కూర్చుని, నన్ను దూరంగా నిలబడమని చెయ్యి ఊపాడు.

"సార్, మా నాయన ఆయాసం మనిషి. మా ఇంటి తాళం ఇస్తే మా అమ్మ తగ్గేదాకా ఆడ ఉంటాది. నీళ్లు నేనే మోస్తాను" అన్నాను.

"అట్ల కుదరదు తల్లీ. ఇన్‌స్పెక్షన్ కాని బిల్డింగులోకి మనిషిని ఎట్ల పంపేది? రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు?"

"ఈడ మా నాయనకు ఏమన్నా అయితే ఎవురు సార్ జవాబు?"

ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత, ఎవరికీ తట్టని సలహా ఇస్తున్నట్టు, "రెండు రోజులు చుట్టాలింట్లో పెట్టుకోండి" అన్నాడు. కరోనా వచ్చిన మనిషిని చుట్టాలింట్లో పెట్టుకోవాలట. ఆ మనిషి ఏ లోకంలో ఉన్నాడో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి నాయనా నేనూ వసారాలో పడుకున్నాం, అమ్మ గదిలో. మర్నాడు నర్సమ్మే ఫోన్ చేసింది. ఆస్పత్రులు నిండిపోయాయి కాబట్టి ఆ అపార్టుమెంట్లను పేషెంట్లకు కేంద్రంగా చేస్తున్నారట. రూల్సు సడలించారట. ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు, సభ అక్కర్లేదు. "మీ అమ్మ పేరు రాయించినాను, సద్దుకోమను" అంది. నేను నమ్మలేక పోయి చూశాను. ట్రాక్టర్లు, మనుషులు, మంచాలు. గేటు పక్కన గుంత తవ్వి పైపు కలుపుతున్నారు. మేము కాళ్లావేళ్లా పడినన్నాళ్లూ కలవని పైపు, నేను అక్కడ నిలబడి ఉండగానే కలిసింది. కుళాయి తిప్పితే ముందు తుప్పు నీళ్లు, తర్వాత మంచి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు చూసి సంతోషించాలో, తవ్వేవాడి చేతిలో గడ్డపార లాక్కోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ లేనిది పైపు కాదన్నమాట. మా మీద దయ.

తీరా బయల్దేరమంటే అమ్మ మొండికేసింది. "జబ్బుతో కొత్తింట్లో కాలు పెట్టకూడదు. పాలు పొంగించకుండా పోకూడదు" అని మంచం పట్టుకుని కూర్చుంది. నాయన వాకిట్లోంచే గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు విని ఇంకేం మాట్లాడకుండా సంచి తీసుకుంది.

అక్కడ ఎవరు ముందొస్తే వాళ్లకు ఖాళీగా ఉన్న ఇల్లు చూపిస్తున్నారట. అమ్మ మెట్ల దగ్గర నిలబడి, నా ఇల్లు నాకు చూపించండి అందట. అక్కడి నర్సుకు నవ్వొచ్చి, సరే పో అందట. ఆ మాత్రం దయ ఆ పిల్లకైనా ఉంది. కుడికాలు పెట్టి లోపలికి పోయింది మా అమ్మ, నూటరెండు జ్వరంతో.

మర్నాడు ఫోన్ చేసింది. గొంతు పూడిపోయి ఉంది కానీ హుషారుగా ఉంది. "మే, మనింటికి చుట్టాలొచ్చినారు" అంది. బంగారుపాళ్యం దగ్గర మామిడి పల్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామెను హాల్లో వేశారట. ఆమెకు గాలి తగిలే వైపు మంచం ఇచ్చి, తను గోడ వైపు జరిగిందట. "ఇంటిదాన్ని కదా, మనమే సర్దుకోవాల" అంది. ఆ కేంద్రంలో ఉన్నవాళ్లంతా రోగులు, మా అమ్మ ఒక్కతే గృహస్థురాలు.

వేడినీళ్లకని ఇంటికొక కరెంటు కెటిల్ ఇచ్చారు. పొద్దున టిఫినుతో పాటు పాల ప్యాకెట్టు వచ్చేది. ఒకరోజు అమ్మ, పల్పు ఫ్యాక్టరీ ఆమె, ఇద్దరి ప్యాకెట్లూ కెటిల్లో పోసి, దాన్ని తూర్పు మొహంగా పెట్టి పొంగించారు. పాలు పొంగి బండ మీద పారాయి, కెటిల్ మాడి చచ్చింది. నర్సు వచ్చి నాలుగు అరిచింది. అరిస్తే అరిచింది. సంచిలో మిగిలిన పసుపుతో గడపకు పూసి బొట్లు పెట్టింది అమ్మ. కొత్తింట్లో మూడు నిద్రలు చేయాలి కదా, అవీ చేసేశానని ఫోన్లో చెప్పింది. ఆమె లెక్కలో గృహప్రవేశం అయిపోయింది. ఇక ఆ ఇల్లు తనది. ఏ సంతకమూ ఏ సభా దాన్ని మార్చలేవు.

 

తగ్గింది, తీసుకుపొండి అని కబురొచ్చింది. పోయాను. మెట్ల మీదిదాకా రానిచ్చారు. అమ్మ గడప లోపల బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, కదలనంటోంది. కింద నుంచి ఇంజనీరును పిలిపించారు. ఆయన వచ్చాడు, గడప పసుపు చూశాడు, చూసి బూట్లు విప్పాడు. నా కళ్లారా చూశాను. ఎవరూ విప్పమనలేదు. పసుపు గడప కనబడగానే అదొక ఇల్లని ఆయన కాళ్లకు తెలిసింది, నోటికి తెలియలేదు.

"తగ్గిపోయింది గదమ్మా, సంతోషం. ఇంక బయల్దేరు" అన్నాడు.

"యాడికి సార్ బయల్దేరేది? పాలు పొంగించినాను, నిద్రలు చేసినాను. గృహప్రవేశం అయిన ఇంటికి ఎవురన్నా తాళం ఏస్తారా?"

ఆయన నవ్వలేదు, అది ఒప్పుకోవాలి. "సడలింపు పేషెంట్లకేనమ్మా. తగ్గినోళ్లకు లేదు" అన్నాడు.

నాకు ఆగలేదు. "జబ్బు మనిషికి పనికొచ్చిన ఇల్లు బాగయిన మనిషికి ఎందుకు పనికిరాదు సార్? నీళ్లు వస్తా ఉండాయి, కరెంటు ఉండాది. ఆమె చచ్చేటప్పుడు సడలిన రూలు, బతికినాక బిగుసుకుంటాదా?"

"ఆర్డరులో అట్లనే ఉండాది తల్లీ. నన్నేం చేయమంటావు?"

"అయితే మళ్లా అంటించుకోని రమ్మంటారా?"

పల్పు ఫ్యాక్టరీ ఆమె మంచం మీది నుంచే, "ఆమె ఇల్లే గదా సార్, ఒక మూలన పడుండనీండి" అంది. ఇంజనీరు ఎవరి మొహమూ చూడకుండా, కింద అంబులెన్సులో ఒక ముసలామె ఊపిరాడక ఉంది, ఈ మంచం కోసమే ఎదురు చూస్తున్నారు అన్నాడు. అది నిజమే కావచ్చు. కానీ పక్క బ్లాకులో తలుపులు తీయని ఇళ్లు ఇంకా ఉన్నాయి, నేను వచ్చేటప్పుడు చూశాను. ఆ మాట నేను అనేలోపే అమ్మ లేచింది. "ఇంటికొచ్చినోళ్లను వాకిట్లో నిలబెడతామా?" అని సంచి చంకన పెట్టుకుంది. ఆమె మంచితనాన్ని పట్టుకుని ఆమెనే బయటికి లాగారు. ఆ మనిషి బూట్లు తొడుక్కుని మాకంటే ముందే దిగి వెళ్లిపోయాడు.

ఇల్లు తర్వాత ఇచ్చారు. కేంద్రం ఎత్తేశాక మోటారు విప్పుకుపోయారు, కుళాయిలు ఎండిపోయాయి, మళ్లీ పైపు కలపలేదన్న పాట మొదలైంది. చాలాకాలం పాడి, చివరికి సభ పెట్టి, రిబ్బను కట్టి తాళం అమ్మ చేతిలో పెట్టారు. అప్పటికి నాయన లేడు. ఆయాసంతోనే పోయాడు. ఆయన ఆ ఇంట్లో ఒక్క పూట కూడా పడుకోలేదు. ఇచ్చారు కదా, ఇంకా ఎందుకమ్మా ఈ కోపం అని స్టాఫ్ రూములో అడుగుతుంటారు. ఆలస్యానికి కాదు నా కోపం. ఒక పొద్దుటికి. ఆ ఒక్క పొద్దు గురించి చెప్పి ఊరుకుంటాను.

అమ్మను లైన్ ఇంటికి తెచ్చిన కొద్దిరోజులకు నాయనకు జ్వరం వచ్చింది. ముగ్గురం టెస్టుకు పోయాం. ముక్కులో పుల్ల పెట్టి, బయట కూర్చోండి, పిలుస్తాం అన్నారు. నాయన బెంచీ మీద కూర్చుని రొప్పుతున్నాడు. అమ్మ కాస్త దూరంగా పోయి, కొండ వైపు తిరిగి చేతులు జోడించి, పెదాలు కదిలిస్తోంది. నేను దగ్గరికి పోయి, "ఏం మొక్కుకుంటా ఉండావు మా?" అన్నాను.

"ఆ జబ్బే అని రావాల అని."

నా చెవులు నేను నమ్మలేదు. "మతి పోయిందా నీకు? ఆయన ఆయాసం మనిషి!"

అమ్మ నా మీద కోప్పడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "జ్వరం ఎట్లాగూ వచ్చేసింది గదా పాపా. వచ్చింది ఆ జబ్బే అయితే మనింట్లో పెడతారు. తగ్గినోళ్లు తోడుండొచ్చంట, నర్సును అడిగినాను. మీ నాయన ఇంగా ఆ ఇంట్లో కాలే పెట్టలా."

మొగుడికి జబ్బు రావాలని పెళ్లాం చేత దేవుడికి మొక్కించిన రూలు అది. దాన్ని రాసిన చేతులు ఎవరివో నాకు తెలియదు. తెలిస్తే నేను ఇక్కడ కూర్చుని ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు.

లోపల నుంచి నాయన పేరు పిలిచారు. పోయి అడిగాను. నెగిటివ్, మామూలు జ్వరమే అన్నారు. నాయన "అమ్మయ్య" అని గోడకు జారగిలబడ్డాడు. అమ్మ నేల మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. లైన్లో మా వెనకున్నావిడ అది చూసి, "అయ్యో, వచ్చినట్టుండాది పాపం" అని, మాస్కు సరిచేసుకుని దూరంగా జరిగింది.