పస్తుల కాంపౌండరు

ఎదుటివాళ్లు తిన్నారంటే దిగులుపడే మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కడే, మందుల షాపు కాంపౌండరు. అందరిలాగే ఆయనా "భోంచేశారా?" అనే పలకరిస్తాడు. అవునంటే మాత్రం మొహం వేలాడేస్తాడు. ఒకసారి విందులో ఓ పెద్దాయన నోటిదాకా వెళ్లిన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పెద్దాయన మూడేళ్లుగా ఆయనతో మాట్లాడటం లేదు.

ఈసారి ఆయనకు చిక్కింది దర్జీ అక్క. మిషను సూది కుడి చూపుడువేలిలో దిగి, చీము పట్టింది. వారం రోజులు పెన్సిలిన్ మాత్రలు మింగినా తగ్గలేదు. చీము పరీక్ష చేయించిన డాక్టరు వేరే మాత్రలు రాసి, వీటికీ లొంగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పింది. భర్త పోయాక ఆమె ఇల్లు ఆ వేలి మీదే నడుస్తోంది. బయట ముసురు, లోపల కుట్టని గుడ్డల కుప్ప. ఆమెకు ఏ మందు మీదా నమ్మకం మిగల్లేదు.

"ఇదీ పెన్సిలిన్ జాతేగా అన్నయ్యా. పనిచెయ్యనిది మళ్లీ ఎందుకు?"

కాంపౌండరు ఆమె కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. క్రిమి తన చుట్టూ గోడ కట్టుకుంటుందట, పెన్సిలిన్ ఆ గోడ కట్టనివ్వదట, గోడ లేక క్రిమి పగిలి చస్తుందట.

"నీ వేల్లోవి ముదుర్లు చెల్లెమ్మా. వాటి దగ్గర కత్తెరలున్నాయి. మందు బలమంతా ఒక చిన్న ఉంగరంలో ఉంటుంది, దాన్నే కత్తిరించేస్తున్నాయి. అందుకని ఈ కొత్త మందును సగం బూజు చేస్తే, మిగతా సగం మనుషులు కుట్టారు. ఉంగరం పక్కన లావుపాటి అంచు వేశారు. కత్తెర నోటికి అది పట్టదు."

దర్జీ అక్కకు వెంటనే అర్థమైంది. దళసరి గుడ్డ దగ్గర తన కత్తెరా అలాగే మొరాయిస్తుంది.

తిండి అడ్డొస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. ఖాళీ కడుపున మింగి, గంటదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. పగటి మాత్రల వేళకు ఆయన గొడుగేసుకుని దిగి, బిస్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని గంటసేపు కాపలా కూర్చునేవాడు. ఐదో రోజుకు వాపు తగ్గింది, ఇక మాత్రలు మానేస్తానందామె. ఆ రోజు ఆమె చేత మాత్ర మింగించడానికి రెండు గంటలు కూర్చున్నాడు.

"నువ్వు శుభ్రంగా తినొచ్చి నా మీద పెత్తనమా?" అని ఆమె ఆకలి మీద కసిరింది. ఆయన నవ్వి, బిస్కెట్ల డబ్బా మూత ఇంకాస్త బిగించాడు.

పదో రోజు పొద్దున డాక్టరు వేలికి ఇక భయం లేదంది. మధ్యాహ్నం ఆఖరి మాత్ర మింగి ఆమె గంట గడుపుతుంటే, కాంపౌండరు భార్య క్యారియర్ పట్టుకుని కోపంగా వచ్చింది.

"నీ గంట అయ్యేదాకా ఈయన తినడు వదినా. ఎంతమంది ఈ మాత్రల కోర్సులో ఉంటే అంతమందితో పస్తు. ఒంటరివాళ్లు ఆకలితో కూర్చుంటే తనకి ముద్ద దిగదట."

దర్జీ అక్కకు తను కసిరిన మాట గుర్తొచ్చి సిగ్గేసింది. గంట కాగానే ముగ్గురికీ వడ్డించి, ముందు ఆయన పళ్లెం జరిపింది.

ఆయన గడియారం చూసుకున్నాడు. "నీది అయింది చెల్లెమ్మా. వీధి చివర ఇస్త్రీ తాత తన మాత్ర మింగి ఇంకా ఇరవై నిమిషాలే అయింది."

భార్య నిట్టూర్చి ఆయన పళ్లెం మీద, తన పళ్లెం మీద మూతలు పెట్టింది. దర్జీ అక్క కూడా తన దానిమీద మూత పెట్టి కూర్చుంది. నువ్వు తినొచ్చు, తినమ్మా అని ఆయన బతిమాలాడు. ఆ నోటి వెంట అలాంటి మాట ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ విని ఉండరు.