బోర్డు మీద మిగిలిపోయిన ఐదు సెకన్లు

నిడమనూరు బడిలో పిల్లలను వరుసలో నిలబెడుతుండగా ఫోన్ వచ్చింది. అటువైపు మా తోటి రెఫరీ. "మేడం, సారు పోయిండు. పొద్దున్నే, దవాఖానలనే" అన్నాడు. సరేనన్నాను. పిల్లలను పరుగు తీయమని చెప్పి మెట్టు మీద కూలబడ్డాను. నెలల తరబడి భయపడుతున్న కబురే.

సారు సూర్యాపేటలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. బాస్కెట్‌బాల్ రెఫరీ పని మాత్రం వదల్లేదు. నాకు విజిల్ ఊదడం నేర్పింది ఆయనే. కోదాడ, మిర్యాలగూడ, టోర్నమెంటు ఎక్కడున్నా ఇద్దరం బస్సులో పోయేవాళ్లం. ఎక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోయేవారు. దిగగానే టైం చూసేవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి, గడియారాన్ని రెండుసార్లు నడిపించి, ఆపించి చూసేవారు. "గడియారం తప్పు చేస్తే తిట్లు మనకే పడ్తయమ్మా" అనేవారు.

ఆ తిట్లు మిర్యాలగూడలో పడ్డాయి. ఆడపిల్లల ఫైనల్. ఊరి జట్టు మీద కోదాడ ఒక్క పాయింటు ముందుంది. ఐదు సెకన్లు మిగిలాయి. మిర్యాలగూడ పిల్ల కోర్టు గీత బయటినుంచి బంతి లోపలికి విసిరింది. లోపల ఎవరి చేతికి తగిలినా గడియారం నడవాలి. ఆ జట్టు కెప్టెన్ అందుకుంది, ఉరికింది, దారి దొరక్క ఆగింది, ఇంకొకరికిచ్చి మళ్లీ తీసుకుని వేసింది. పడింది! జనం కోర్టులోకి దూకారు. బోర్డు మీద మాత్రం ఇంకా ఐదే ఉంది.

సారు విజిల్ వేసి అందరినీ బయటికి పంపారు. గడియారం నడిపే ఆయన ముఖం పాలిపోయింది. "నొక్కిన సార్, గని నడ్వలే" అన్నాడు. సారు నన్ను పక్కకు పిలిచారు.

"ఎంత లెక్కవెట్టినవ్? నాది ఇప్పుడే సెప్ప. ముందుగాల నువ్వు సెప్పు."

చివరి సెకన్లలో మనసులో లెక్కపెట్టుకోవడం ఆయన అంటించిన అలవాటే. "బంతి చెయ్యి ఇడిసేటాలకు ఏడు దాటింది సార్" అన్నాను.

"నాది గంతే" అన్నారు. బల్ల దగ్గరున్నవాళ్లను ఒక్కొక్కరినీ అడిగారు. ఐదులోపు వేసిందన్నవాళ్లు లేరు. పాయింట్లు చెల్లవని చేతులు అడ్డంగా ఊపారు. కోదాడ గెలిచింది.

మిర్యాలగూడ కోచ్ సారు దగ్గర ఆట నేర్చుకున్నవాడే. "మీరే గిట్ల చేస్తే ఎట్ల సార్?" అని వెళ్లిపోయాడు, మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. నీళ్ల సీసాలు వచ్చి మీద పడ్డాయి. కెప్టెన్ ఏడుస్తూ సారు దారికి అడ్డం నిలబడింది.

"బోర్డు మీద టైం ఉంది కద సార్!"

"బోర్డు మీద ఉంది బిడ్డా. ఆటల అయిపోయింది. నీ తప్పేం లేదు."

ఆ పిల్ల వినిపించుకోలేదు.

తిరుగు బస్సులో ఆయన నిద్రపోలేదు. "ఇగ చాలనిపిస్తుందమ్మా" అన్నారు. తర్వాతి వారం చివ్వెంలలో బడిపిల్లల మ్యాచ్‌కు నాకన్నా ముందే వచ్చి కూర్చున్నారు. మిర్యాలగూడ వాళ్లు ఆయన్ని మళ్లీ పిలవలేదు. కొన్నేళ్లకు ఆయన మోకాళ్లు అరిగాయి, ఆ తర్వాత కిడ్నీలు చెడ్డాయి. చూడడానికి వెళితే, "ఇయ్యాల మ్యాచ్ లేదా? పో మరి, బస్సు దొరకది" అని తొందరపెట్టేవారు.

ఫోన్ వచ్చిన రోజు సారు ఇంటికి చేరేసరికి వాకిట్లో ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆ కెప్టెనే. ఇప్పుడు కానిస్టేబుల్ అట.

"నేను వేసేటాలకే టైం అయిపోయిందని నాకెరుకనే మేడం. బంతి చేతులున్నప్పుడే అనిపించింది. గని అందరి ముంగట ఒప్పుకోబుద్ధి గాలే. సారుకు సెప్దామని ఎన్నిసార్లో అనుకున్న." చెయ్యి వదలకుండానే అడిగింది. "తర్వాత సారు నన్ను ఏమన్న అన్నడా?"

"బస్సుల అన్నడు. షాట్ మంచిగ ఏసింది పిల్ల అన్నడు."

అమ్మాయి తలూపింది. గడప బయట, చివరి చూపుకు వచ్చిన ఆటగాళ్ల బూట్లు కుప్పగా పడి ఉన్నాయి, కొన్నింటికి కోర్టు గీతల సున్నం అంటుకుని. వాటిలోంచి తనవి వెతుక్కుని మెట్టు మీద కూర్చుంది. ఒకటి తొడుక్కుని లేసు కట్టుకుంది. రెండోది ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.