బడి రిజిస్టర్‌లో రాసిన వయసు

జగదల్‌పూర్‌లో లా చదివిన మూడో ఏడు మాకు నేరశాస్త్రం, బాలల న్యాయ చట్టం ఒకేసారి వచ్చాయి. ఇనుము కోసం కొండలు తవ్వుతున్న రోజులవి. వాగుల్లో నీళ్ళు ఎర్రగా పారేవి. తెలుగు సరిహద్దున ఉన్న మరైగూడలో వరి పండించుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని, హిందీలో ఉన్న సెక్షన్లను బట్టీ పట్టడం తప్ప నాకు మరో దారి తెలియదు. నిందితుల వయసు తేల్చే సెక్షన్ అయితే నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మొదట బడి సర్టిఫికెట్ చూడాలి. అది లేకపోతే పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. రెండూ లేనప్పుడే డాక్టరు చేసే ఎముకల పరీక్ష.

ఒకరోజు మా ప్రొఫెసర్ మమ్మల్ని జైల్లో ఆడవాళ్ళ వార్డుకు తీసుకెళ్ళారు. అక్కడ ఒక పిల్ల ఎవరేం అడిగినా తలొంచుకునే కూర్చుంది. ఆవపల్లి దగ్గరి ఊరట. దోర్లీ, మా సరిహద్దు తెలుగు తప్ప ఆమెకు ఇంకో భాష రాదు. నేను తెలుగులో పలకరించాక తలెత్తింది.

"నీకు ఏండ్లెన్ని?"

"నాకేం ఎర్కక్కా? పోలీసోల్లు పందొమ్మిదని రాసిండ్రు."

గని దగ్గరికి కూలికొచ్చి, ఎవరో ఎత్తుకోమంటే దొంగిలించిన రాగి తీగల మోపు ఎత్తుకుంది. చెప్పినవాళ్ళు పారిపోయారు, ఈమె దొరికింది. చూస్తే పదహారు దాటినట్టు లేదు. పద్దెనిమిది నిండలేదని తేలితే చాలు, పెద్దల జైలు నుంచి బయటపడి పిల్లల బోర్డు ముందుకు వెళ్తుంది.

నేను ఆగలేకపోయాను. ఆమె తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలును అడగకుండానే ఆమె చదివిన బడికి దరఖాస్తు రాశాను. ఆమెను చేర్చుకున్న పేజీ నకలు నేరుగా కోర్టుకు పంపమని కోరి, కింద నా సంతకం పెట్టాను. చదివిన చదువు మొదటిసారి ఒక మనిషికి అక్కరకొస్తోందని ఎంత గర్వపడ్డానో.

రెండు వారాల తర్వాత, ఈ కబురు చెబుదామని ఆమె తల్లిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవపల్లి దాకా బస్సు, ఆపైన అడిగి తీసుకున్న సైకిలు. తల్లి వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది.

"బడిల ఏసిననాడు దానికి నాలుగేండ్లే," అంది. "అక్క ఎంట పోతనని ఏడ్సింది. ఆడ అన్నం పెడ్తరు గదా అని నేనే గురూజీని బతిమాలిన."

సైకిలెక్కి బడికి పోయాను. గురూజీ దాచకుండానే చెప్పాడు. ఆరేళ్ళు నిండనిదే చేర్చుకోరు కాబట్టి ఆరని రాశాడట. ఆ రాతను బట్టి, పట్టుబడ్డ రోజుకు పిల్లకు పద్దెనిమిది దాటి నాలుగు నెలలు.

"ఈ మాటే కోర్టులో చెప్పండి గురూజీ."

"తప్పు రాసిన్నని నా నోటితోనే చెప్పాల్నా? వచ్చే ఏడు రిటైరయితున్న. పింఛను ఆగిపోతది బిడ్డా."

"అయితే ఆ నకలు పంపకండి."

"ఎప్పుడో పంపిన. నువ్వే గదా అడిగినవ్?"

తిరిగొచ్చి వకీలుకు చెప్పాను. "ఆ కాగితం లేకపోతే ఎముకల పరీక్ష అడిగేవాణ్ణి. ఇప్పుడు ఏ ముఖంతో అడగను?" అన్నాడు హిందీలో.

కోర్టులో పేశీ రోజు తల్లి చేతులు జోడించి నిజం చెప్పింది. జడ్జి ఓపికగా విన్నారు. విని, కాగితం చూసి, పిల్లకు పద్దెనిమిది నిండాయనే రాశారు.

వార్షిక పరీక్షలో అదే సెక్షన్ అడిగారు. ఒక్క తప్పు లేకుండా రాశాను. క్లాసులో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ మార్కుల కాగితం ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

నెలకోసారి జైలుకు వెళ్ళేదాన్ని. ప్రతిసారీ చెప్పాలనుకునేదాన్ని, నోరు వచ్చేది కాదు. రెండు వానకాలాలు గడిచాక, సాక్షులెవరూ రాక కేసు కొట్టేశారు. జైలు గేటు బయట, తల్లి మూట కట్టుకుంటుండగా చెప్పేశాను.

"బడికి దరఖాస్తు రాసింది నేనే."

"ఎర్కే," అంది ఆ పిల్ల. "పేశీనాడు నీ పేరు సదివిండ్రు గదా."

"మరి ఇన్నాళ్ళూ నన్ను అడగలేదేం?"

"అడిగితె నువ్వు రావడం మానేస్తవనుకున్న. లోపల నా మాట తెలిసినోల్లు ఎవలున్నరు?"

బస్సు వచ్చింది. తల్లీకూతుళ్ళు మూట పైకి అందించి ఎక్కారు.