నాగరత్నమ్మ గారి స్విచ్

అది 2013 వేసవి. శ్రీకాకుళంలో ఒక కంప్యూటర్ సర్వీస్ సెంటర్‌లో హార్డ్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. విండోస్ బదులు లినక్స్ వేసిన మిషను ఏదైనా వస్తే చుట్టుపక్కల షాపుల వాళ్లు కూడా "ఆవిడ దగ్గరికి తీసుకెళ్లండి" అని నా దగ్గరికే పంపేవారు. కెర్నెల్‌ను నా చేతులతో అమర్చుకుని కంపైల్ చేయడం, అంటే మిషను నడపగలిగే రూపంలోకి మార్చడం, కాలేజీ రోజుల నుంచి నాకు సరదా. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. తెర, కీబోర్డు, బ్యాటరీ, స్పీకరు అన్నిటితోనూ నేరుగా మాట్లాడేది అదే. దేనికి కరెంటు ఇవ్వాలో, దేన్ని కాసేపు నిద్రపుచ్చి బ్యాటరీ మిగల్చాలో చూసేదీ అదే. ఈ రెండో పనిని పవర్ మేనేజ్‌మెంట్ అంటాం. అందులో నాకు తెలియని మూల లేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. కానీ మిషను తెలిసినంత మాత్రాన కేసు తెలిసినట్టు కాదని నాకు చెప్పింది మాత్రం పాతపట్నం కేసే.

ఒక ఉదయం అరవై దాటిన పెద్దాయన తువ్వాలులో చుట్టిన లాప్‌టాప్‌తో వచ్చారు. పేరు సన్యాసిరావు గారు. పాతపట్నంలో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. లాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగతో వేలాడుతూ బొత్తాం లాంటి స్విచ్ ఒకటి ఉంది.

"ఏటైంది బాబాయ్ దీనికి?" అన్నాను.

"దీనికేటీ అవలేదమ్మా. మా ఇంటిదానికి అయినాది. పక్షవాతం. ఒళ్లంతా పడిపోనాది, మాట పోనాది. బుర్ర మాత్రం బంగారంలా పన్సేస్తాది. ఈ మిషన్తోటే మాటాడతాది. ఒక్కోపాలి మాటాడతాది, ఒక్కోపాలి మాటాడదు. తప్పు దీనిదో, దానిదో తేల్సుకుందామని తెచ్చీసినాను."

ఆవిడ పేరు నాగరత్నమ్మ గారు. కళ్లు కాక ఒంట్లో కదిలేది కుడిచేతి బొటనవేలు ఒక్కటే. విశాఖపట్నంలో ఇంజినీరుగా ఉన్న ఆవిడ అక్క కొడుకు లినక్స్ మీద ఈ ఏర్పాటు చేశాడు. తెర మీద తెలుగు అక్షరాల బల్ల ఉంటుంది. ఒక్కో వరస వెలుగుతూ కిందికి జరుగుతుంది. కావలసిన వరస వెలిగినప్పుడు స్విచ్ నొక్కితే ఆ వరసలో అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. మళ్లీ నొక్కితే అక్షరం పడుతుంది. అలా మాట పూర్తయ్యాక మిషను పైకి చదువుతుంది. అన్నిటికన్నా పైన గంట బొమ్మ. అది ఎంచుకుంటే ఇల్లంతా వినబడేలా గంట మోగుతుంది.

ఆ స్విచ్ పట్టుకుని నేను రెండు గంటల సేపు నొక్కాను. ఒక్కసారి కూడా తప్పలేదు. "మిషన్లో ఏ లోపమూ లేదు బాబాయ్" అన్నాను. ఆ మాటకు సంతోషించాల్సిన మనిషి ముఖం నల్లబడిపోయింది.

"అయితే తప్పు దానిదేనన్నమాట."

"అలా అంటారేటి?"

"మజ్జానం పూట మరీనమ్మా. అచ్చరాల బల్ల తిరుగుతానే ఉంటాది. అది నొక్కదు. అత్తకి విసుగొచ్చీసినాదని మా కోడలంటాది. మొన్న గొంతులో కఫం అడ్డం పడిపోనాది. మేమందరం ముందరి అరుగు మీదే ఉన్నాం. గంట కొడితే పరిగెత్తీవోలం. కొట్టలేదు. కోడలు మంచినీల్లకి లోపలికెల్లి సూస్తే మొకం నీలంగా అయిపోయి ఉన్నాది." ఆయన తువ్వాలు మడతపెట్టారు. "దానికి బతకాలని లేదేమోనమ్మా. ఆ రోజునుంచి కొట్టు కట్టీసినాను. ఇంటి పట్టునే ఉండి, గడియకోపాలి లోపలికెల్లి సూస్తన్నాను."

"లాప్‌టాప్ ఇక్కడ వదిలేసి వెళ్తే ఇంట్లో ఆవిడ ఎలా మాట్లాడతారు?"

"మాటాడదు" అన్నారాయన.

ఇక ఆ లాప్‌టాప్‌ను షాపులో ఉంచుకోవడానికి మనసొప్పలేదు. మా ఓనరుకు చెప్పి, ఆయనతో పాటే బస్సెక్కాను.

కొట్టు ముందూ, ఇల్లు వెనకా. కిటికీ పక్క మంచం మీద, వీపు వెనక దిండ్లతో నాగరత్నమ్మ గారు కూర్చుని ఉన్నారు. కొట్లో బేరమంతా ఒకప్పుడు ఆవిడదేనట. సరిహద్దు అవతల నుంచి వచ్చేవాళ్లతో ఒడియాలోనే బేరమాడేవారని కోడలు ఉమ చెప్పింది. లాప్‌టాప్ ఎదురుగా పెట్టి, ఛార్జర్ తగిలించి, స్విచ్ ఆవిడ బొటనవేలి కింద అమర్చాను.

వరసలు వెలగడం మొదలైంది. ఒక్కో అక్షరమే పడుతోంది. చివరకు మిషను గొంతు "టీ తాగు" అంది. ఇంటికొచ్చిన వాళ్లకు ఆవిడ మర్యాద. తర్వాత మళ్లీ వేలు కదిలింది. "కరెంటు" అని పడింది.

ఉమ నవ్వేసింది. "ఎవరొచ్చినా అత్త అదే సెప్తాదండి. ఉక్కపోతకి ఆగలేదు. అందుకే బ్యాటరీ ఫేను కూడా కొనీసినాం. ఇదిగో." ఫ్యాను తెచ్చి మంచం వైపు తిప్పింది. ఆవిడ వేలు ఆగిపోయింది. ఇంకో అక్షరం కోసం సగం దాకా వెళ్లిన మాట అక్కడే నిలిచిపోయింది.

నేనూ ఆ ఫ్యాను వైపే చూశాను. అప్పటికి నాకూ ఏమీ తట్టలేదు.

అంతలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో మధ్యాహ్నం కోత మామూలే. పైన తిరిగే ఫ్యాను ఆగిపోగానే సన్యాసిరావు గారూ, ఉమా లేచారు. "రాండమ్మా, అరుగు మీద కూకుందాం. ఈ టయానికి అది ఎలాగూ మాటాడదు" అన్నారాయన. మీరు పదండని నేను మంచం పక్కనే ఉండిపోయాను.

తెర వెలుగుతూనే ఉంది. వరసలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూనే ఉన్నాయి. దూరం నుంచి చూసేవాళ్లకు మిషను చక్కగా నడుస్తోంది, మనిషే పలకడం లేదు. కానీ నేను చూస్తున్నది తెర కాదు, ఆవిడ చెయ్యి. బొటనవేలు నొక్కుతోంది. మణికట్టు దగ్గర నరం ఉబ్బుతోంది. మళ్లీ నొక్కుతోంది. బల్ల మీద వరస ఆగడం లేదు.

తలెత్తి చూస్తే ఆవిడ కళ్లు నన్నే చూస్తున్నాయి. అక్కడి నుంచి మెల్లగా గోడ మీది ప్లగ్గు వైపు తిరిగాయి. మళ్లీ నా మీదికి వచ్చాయి.

"పిన్నిగారూ, మీరు కరెంటు అన్నది ఉక్కపోత గురించి కాదు కదూ? ఈ స్విచ్ గురించేనా?"

అవునంటే కళ్లు మూయడం ఆ ఇంట్లో సైగ. ఆవిడ కళ్లు మూశారు. చాలాసేపటి దాకా తెరవలేదు.

ఆ తర్వాత నా పని తేలికైపోయింది. స్విచ్ ఏ స్థితిలో ఉందో కెర్నెల్‌ను అడిగితే, నిద్రపోతోందని చెప్పింది. కాసేపటికి కరెంటు రాగానే అదే స్విచ్ మేలుకుంది. ఛార్జర్ పీకాను, మళ్లీ నిద్ర. మా షాపులో పొద్దుటి నుంచి ఛార్జర్ పెట్టే ఉంచాను కాబట్టి నాకది కనబడలేదు. సన్యాసిరావు గారినీ, ఉమనూ లోపలికి పిలిచాను.

"బాబాయ్, మిషను బ్యాటరీ మీద నడిచేటప్పుడు పొదుపు మొదలుపెడుతుంది. రెండు సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే, తగిలించిన పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. దీన్ని ఆటోసస్పెండ్ అంటాం. మంచి పరికరమైతే, మనం నొక్కగానే తనంతట తనే కెర్నెల్‌ను లేపుతుంది. ఈ స్విచ్ అలా లేపగలనని కెర్నెల్‌కు చెప్పుకుంటుంది గానీ లేపదు. ఎంత నొక్కినా లోపలికి అందదు."

"అంటే కరెంటు లేనప్పుడు కూడా అది నొక్కుతానే ఉన్నాదా?"

"నొక్కుతూనే ఉన్నారు."

"ఆ కఫం అడ్డం పడినరోజు కూడానా?"

దానికి జవాబు నేను చెప్పేది కాదు. ఆయన భార్య వైపు తిరిగారు. ఆవిడ కళ్లు మూశారు. ఆ పెద్దాయన మంచం పక్కన నేల మీద కూలబడిపోయి, ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "ఒసే రత్నం... నువ్వు పిలుస్తానే ఉన్నావా? మేమే ఇనలేదా?" ఉమ గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేసింది.

విశాఖపట్నంలో ఉన్న అక్క కొడుక్కి ఫోన్ చేశాను. "పిన్ని వాళ్ల ఊళ్లో కోతలెక్కువ కదండీ, బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ఆ పొదుపు ప్రోగ్రాం నేనే వేశాను" అన్నాడు. మంచికే చేశాడు. ఎక్కడో ఉన్నవాడికి ఆ స్విచ్ గుణం ఎలా తెలుస్తుంది?

ఈ ఒక్క స్విచ్‌నూ నిద్రపుచ్చవద్దని అప్పటికప్పుడు సెట్టింగ్ మార్చాను. ఛార్జర్ పీకినా పనిచేసింది. కావాలంటే అక్కడితో సరిపెట్టుకోవచ్చు. "ఇన్వర్టర్ పెట్టించీమంటారా?" అని కూడా సన్యాసిరావు గారు అడిగారు. తుఫాను వస్తే ఇన్వర్టరూ చేతులెత్తేస్తుంది. సెట్టింగ్ అంటారా, రేపు ఏ అప్‌డేటో వచ్చి మార్చేయొచ్చు. ఈ స్విచ్ పాడై ఇంకోటి తగిలిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. గంట కోసం ఎదురుచూసే ఇంట్లో అలాంటి సందు ఉంచకూడదు. అసలు నిద్రపుచ్చడం అన్నదే తెలియని కెర్నెల్ ఈ మిషన్‌కు కావాలి.

షాపుకు వెళ్లి దాన్ని నేనే తయారు చేశాను. కెర్నెల్ అమర్చేటప్పుడు వేల ప్రశ్నలుంటాయి. ఏ పరికరానికి డ్రైవర్ (దాన్ని నడిపే ముక్క) ఉంచాలి, ఏ పొదుపు ఉంచాలి, ఏది తీసేయాలి. ఆ రోజుల్లో యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చడానికి విడిగా ఒక గుర్తు ఉండేది. దాన్ని తీసేశాను. దాని వల్ల ఖర్చయ్యే బ్యాటరీని వేరేచోట మిగిల్చాను. ఆవిడకు అక్కరలేని వైఫై, బ్లూటూత్, కార్డ్ రీడర్ డ్రైవర్లు తీసేశాను. ప్రాసెసర్ అవసరమైనంత వేగంతోనే నడిచేలా పెట్టాను. బ్యాటరీ మునుపటికంటే ఎక్కువే వస్తుందని నాకు ధైర్యం.

తర్వాతి ఆదివారం మళ్లీ పాతపట్నం వెళ్లాను. పాత కెర్నెల్‌ను కూడా అలాగే ఉంచి, పక్కనే కొత్తది ఎక్కించి మిషను లేపాను. బల్ల వచ్చింది, స్విచ్ పనిచేసింది. ఆవిడ ఓపిగ్గా ఒక మాట రాశారు. మిషను మాత్రం నోరు విప్పలేదు. తెర మీదికి వంగి చదివితే "నా గొంతు ఏటి సేసినావు" అని ఉంది.

ఇల్లంతా నవ్వులు. ఆవిడ కళ్లు కూడా నవ్వాయి. అక్కరలేని డ్రైవర్లు తీసేటప్పుడు ఆ లాప్‌టాప్ సౌండ్ చిప్‌కు కావలసిన ముక్క కూడా పోయింది. సరంజామా అంతా నా లాప్‌టాప్‌లో ఉంది కాబట్టి, ఆ ముక్క కలిపి అక్కడే మళ్లీ కంపైల్‌కు పెట్టి, ఉమ వడ్డించిన భోజనం చేశాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పని పూర్తయింది. ఈసారి గొంతు వచ్చింది.

అసలు పరీక్ష మిగిలే ఉంది. ఛార్జర్ నా చేత్తోనే పీకేశాను. "పిన్నిగారూ, మేమంతా బయట ఉంటాం. మీకు ఎప్పుడు పిలవాలనిపిస్తే అప్పుడు పిలవండి" అని చెప్పి అందరం అరుగు మీదికి వచ్చాం. సన్యాసిరావు గారు కూర్చోలేకపోయారు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లబోతే నేనే ఆపాను. "మోగకపోతే ఏటమ్మా?" అన్నారు. "మోగుతాది బాబాయ్. కూర్చోండి" అన్నాను. నా చేతి పని మీద నాకు అనుమానం లేదు. అయినా చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

గంట మోగింది. వీధిలో వాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా మోగింది. ఆయన చెప్పులు వదిలేసి లోపలికి పరిగెత్తారు, వెనకే మేమూ.

"ఏటైనాదే రత్నం? ఏటి కావాల?"

ఆవిడ వేలు కదిలింది. వరసలు జరిగాయి. ఆయన "నీల్లా?" అనబోయి ఉమ సైగ చూసి ఆగిపోయారు. అక్షరాలన్నీ పడేదాకా ఎవరం మాట్లాడలేదు. అప్పుడు మిషను అంది, "ఏటీ లేదు. ఊరికే."

ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

వర్షాకాలంలో ఆ వైపు వేరే పని మీద వెళ్లినప్పుడు కొట్టు తెరిచే ఉంది. చక్రాల కుర్చీలో, లాప్‌టాప్ ఎదురుగా పెట్టుకుని నాగరత్నమ్మ గారు గల్లా పక్కనే ఉన్నారు. అక్కడ ప్లగ్గు లేదు, అవసరమూ లేదు. సరిహద్దు అవతల నుంచి వచ్చిన ఒకామె ఇత్తడి బిందె చూపిస్తూ "కేతే?" అని ధర అడిగింది. సన్యాసిరావు గారు చెప్పగానే ఆమె పెదవి విరిచి మెట్టు దిగబోయింది. అంతలో వరసలు వెలగడం మొదలైంది. ఆయన ఆమెను ఆగమని చేత్తో వారించారు. ఆమె ఆగింది. ఏం జరుగుతోందో అర్థమయ్యాక బిందె కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. వెనకాల ఇంకో ఇద్దరు చేరారు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరకు మిషను ధర చెప్పింది. మొగుడు చెప్పిన దానికంటే కొంచెం తక్కువ, ఆమె అడగబోయే దానికంటే కొంచెం ఎక్కువ అయ్యుంటుంది. ఆమె బిందె తీసుకుని వెళ్లింది.

ఆ కేసులో కెర్నెల్ పని నాకు కొత్త కాదు. కొత్తగా నేర్చుకున్నది వేరే. ఆ ఇంట్లో అందరికన్నా ముందు లోపాన్ని పట్టుకున్నది నాగరత్నమ్మ గారే. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పారు కూడా. మొదటి మాట పడగానే మిగతాది మేమే పూర్తి చేసేసుకున్నాం. ఆ రోజు కరెంటు పోకపోయి ఉంటే నేనూ ఆ ఫ్యాను చూసి తలూపి వచ్చేసేదాన్నే.

ఇప్పుడు నా కౌంటరు ముందుకు ఎవరు ఏ మిషన్ తెచ్చినా, వెంటనే మూత తెరవను. ముందు వాళ్లను కూర్చోబెడతాను. నత్తి ఉన్నవాళ్లయినా, అడ్డదిడ్డంగా చెప్పే ముసలివాళ్లయినా సరే, "సెప్పండి" అని ఒక్క మాట అని, వాళ్ల చివరి మాట పూర్తయ్యేదాకా నోరు తెరవను. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకునేది ఆ తర్వాతే.