గేట్లకు పెట్టిన బొట్టు

మా బిడ్డ కామారెడ్డి బైపాస్ అవతల, కొత్తగా లేచిన పెద్ద కాలనీలో ఇల్లు కొన్నది. గృహప్రవేశం కాగానే మమ్మల్ని ఇద్దరినీ అక్కడికే వచ్చి ఉండిపొమ్మని పట్టు పట్టింది. అల్లుడికి వారమంతా హైదరాబాద్‌లో పని. బిడ్డ పొద్దున బ్యాంకుకు పోతే మళ్లీ సాయంత్రమే. ఎల్లారెడ్డిలో మా ఇంటిని కిరాయికి అడుగుతున్న సారు ఒకాయన ఆదివారం వరకు మాట చెప్పమన్నాడు. చెప్పాల్సింది నేను. చాలా ఏళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చిన మా ఆయన ఆ భారం నా మీదే వేశాడు.

"నాదేముందే? ఎడారిల రేకుల గదిల పండినోన్ని. మంచమేస్తె ఏడనన్న పంట. నువ్వు ఎటంటె అటు" అన్నాడు. అని, బిడ్డ ఇంట్లోని ఏసీ కింద కాళ్లు చాపి పడుకున్నాడు. ఆయన మనసు ఎటుందో అక్కడే తెలిసిపోయింది.

నా మనసే తెగలేదు. ఎల్లారెడ్డిలో మా అరుగు మీద పొద్దెక్కగానే వాడకట్టు ఆడవాళ్లు చాటలు పట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంటారు. తునికాకు కత్తిరించే చప్పుడు, తంబాకు వాసన, ఒకరి మాట మీద ఇంకొకరి మాట. అది లేకుండా నాకు పొద్దు ఎట్లా గూకుతుంది? కానీ మోకాళ్లు నొస్తున్నాయి. స్నానానికి వాకిలి దాటి పోవాలి, వానకాలంలో జారుతుంది. నల్లా నీళ్లు ఎప్పుడు వస్తాయో దేవుడికే తెలుసు. బిడ్డ ఇంట్లో పిడి ఎత్తితే వేడినీళ్లు. మొదటిరోజు ఆ నీళ్ల కింద చేయి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. పొయ్యి లేదు, పొగ లేదు. ఈ వేడి ఎక్కడి నుంచి వస్తోందో అడిగితే బిడ్డ మిద్దె మీదికి చూపించింది. ఎండతోనేనట. ఇన్నేళ్లు ఎండలో మాడినదాన్ని, ఎండ ఇట్లా కూడా పనికొస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ కాలనీ రోడ్లు మా ఇంటి గచ్చు కన్నా శుభ్రంగా ఉండేవి. రోడ్డుకు రెండు పక్కలా ఒకే ఎత్తు చెట్లు. ప్రతి గేటు పక్కన పాలరాయి మీద చెక్కిన అక్షరాలు. నేను చదువు నేర్చింది జుట్టు నెరిశాక, పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడం సిగ్గనిపించి. బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివే అలవాటు. ఇక్కడ ఆగి, తీరిగ్గా, ఒక్కో ఇంటి పేరు చదువుకుంటూ పోయేదాన్ని. తల్లిదండ్రుల దీవెన అని ఒకటి. సూర్యోదయం అని ఒకటి. పేర్లు అన్నీ బయట ఉన్నాయి, మనుషులు మాత్రం ఒక్కరూ కనబడరు.

ఇల్లు కొన్న బిడ్డకు తల్లిగారు ఒడిబియ్యం పోయడం మా ఆచారం. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ అన్నీ గృహప్రవేశం నాడే పోశాము. ఆ బియ్యం వండి చుట్టుపక్కల వాళ్లను పిలిచి పెడితేనే పోసిన ఫలం. ఆదివారం వండుదామనుకున్నాము. శుక్రవారం మధ్యాహ్నం, బిడ్డ బ్యాంకులో ఉండగా, నేను కుంకుమ భరిణె, పసుపు గిన్నె పట్టుకుని పిలుపులకు బయలుదేరాను.

మొదటి గేటుకు తాళం. గోడకు నల్లటి చిన్న డబ్బా ఉంది. దాని బొత్తాం నొక్కి, "అమ్మా, ఇంట్ల ఎవలన్న ఉన్నరా?" అని కేకేశాను.

"ఎవరండీ?" అని గోడ మాట్లాడింది.

నాలుగు దిక్కులా చూశాను. ఎవరూ లేరు.

"ఇక్కడండీ, డబ్బాలోంచి మాట్లాడుతున్నాను. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నా. మీరు నాకు కనబడుతున్నారు. చెప్పండి."

హైదరాబాద్‌లో కూర్చున్న మనిషి కామారెడ్డిలో తన గేటు ముందు నిలబడ్డ నన్ను చూస్తోంది! కొంగు సర్దుకున్నాను. "మూలమీది ఇంటి బ్యాంకు పిల్ల తల్లిని బిడ్డా. ఆదివారం మా ఒడిబియ్యం. పగటన్నానికి తప్పకుంట రావాలె. నీకు బొట్టు ఎట్ల వెట్టుడు మరి?"

డబ్బా నవ్వింది. "గేటుకే పెట్టి వెళ్లండమ్మా. సాయంత్రం వచ్చి అద్దుకుంటా."

నా మనసులో మాటే ఆమె అన్నది. ఇంట్లో మనిషి లేకపోతే గడపకు బొట్టు పెట్టి రావడం మా దగ్గర ఉన్నదే. గడప లోపల ఉంది కాబట్టి గేటుకు పసుపు రాసి, మీద కుంకుమ పెట్టాను. మిగతా గేట్ల దగ్గర డబ్బాలు పలకలేదు. అన్నిటికీ అట్లాగే పెట్టుకుంటూ వీధి చివరి దాకా పోయాను. వెనక్కి తిరిగి చూస్తే నల్లటి గేట్లన్నీ పండగ పూట తలంటుకున్న పిల్లల్లా ఉన్నాయి. నాకు చాలా సంతోషమైంది.

తెల్లారి బిడ్డ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"అవ్వా, నిన్న ఏం జేసినవ్?"

"పిలుపులు జేసిన."

"అయితె చదువు ఇది. నువ్వే చదువు."

కాలనీ వాళ్లంతా రాసుకునే చోటట అది. కూడబలుక్కుని పైకి చదివాను. "గేట్లకు ఎవరో గుర్తులు పెట్టారు. దొంగల ముఠా పని కావచ్చు." దాని కింద, "పసుపు కూడా ఉంది. చేతబడిలా ఉంది. ఎవరూ ముట్టుకోవద్దు." ఇంకా కింద, "వాచ్‌మన్ నిద్రపోతున్నాడా?"

అక్షరాలు రాకపోతే ఈ మాటలు నాకు తెలిసేవే కావు కదా అనిపించింది.

మా ఆయన మంచం మీది నుంచే అందుకున్నాడు. "బొట్టు వెట్టి కాలనీ మొత్తం గడగడ వణికించినవ్ గదనే! మన దిక్కు బర్రె తప్పిపోయినా గింత లొల్లి గాదు."

"నువ్వు సప్పుడు జెయ్యకు బాపు" అంది బిడ్డ. "నేనిక్కడ బతకాలె. అందరు నన్ను ఎట్ల జూస్తరు?"

నేనూ బిడ్డా కాలనీ పెద్దగేటు దగ్గరి గదికి పోయాము. వాచ్‌మన్ నస్రుల్లాబాద్ పిల్లవాడు, పెళ్లయి ఇద్దరు బిడ్డల తండ్రి. "నువ్వేనా అవ్వా! పొద్దటి నుంచి నా పానం తింటున్నరు" అని, గోడకున్న టీవీలో నిన్నటి బొమ్మ తిప్పి చూపించాడు.

ఆ ఒక్కటీ ఎప్పటికీ మరిచిపోను. వెడల్పాటి ఖాళీ రోడ్డు. దాని పక్కన చీమంత ఆడమనిషి ఒకతె, కొంచెం కుంటుకుంటూ, గేటు గేటుకూ ఆగి చేయి ఎత్తుతోంది. అద్దంలో మొహం చూసుకున్నానే గాని నేను నడుస్తుంటే ఎట్లా ఉంటానో పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నా అడుగు నన్ను కన్న మా అవ్వ అడుగే. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. ఆమె ఆ రోడ్డు మీద పిలుపులకు పోతున్నట్టే ఉంది. బిడ్డ ఆ బొమ్మను ఇంకోసారి తిప్పించి చూసింది.

"ఏమని రాయాలె?" అంది తర్వాత, ఫోన్ తీసి.

"ఉన్నదే రాయి."

ఆమె రాసింది చదివి వినిపించింది. "అది మా అవ్వ పెట్టింది. ఇంట్లో ఎవరూ లేకపోతే గడపకు బొట్టు పెట్టి పిలవడం మా ఆచారం. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి రండి." అవ్వ అనే రాసింది. బ్యాంకులో అందరి ముందు అమ్మ అనే పిల్ల.

దానికి ఎవరూ జవాబు రాయలేదు. ఆదివారం ఎవరూ రాకపోతే సోమవారం బస్సెక్కి ఎల్లారెడ్డి పోవడమే అని నిశ్చయం చేసుకున్నాను. వేడినీళ్ల కోసం మనుషులు లేని చోట ఉండలేను. బిడ్డ మీద ఇంకో మాట పడనివ్వలేను.

ఆదివారం పసుపన్నం, పప్పు, వంకాయ కూర, పరమాన్నం వండి చాపలు పరిచాము. పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్నం మీద మూత తీసి మళ్లీ పెట్టాను. మా ఆయన వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగాడు.

ముందుగా డబ్బాలోంచి మాట్లాడిన ఆమె వచ్చింది. గొంతు విని గుర్తుపట్టాను. "నాకు నేరుగా బొట్టు పెట్టండి, గేటు మీది దాన్ని మా పనామె కడిగేసింది" అని నవ్వింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. తర్వాత ఎదురింటి నుంచి తెల్ల చీర కట్టుకున్న ముసలావిడ మెల్లగా రోడ్డు దాటి వచ్చింది. మెడ, నుదురు బోసిగా ఉన్నాయి. చూడగానే నా చేతిలో భరిణె ఆగిపోయింది. భర్త లేని ఆమె గేటుకు బొట్టు పెట్టి వచ్చాను.

"నాది సదాశివనగర్ దిక్కు" అని చాప మీద కూర్చుంది ఆవిడ. "చేతబడి అని రాసింది మా కొడుకే. నేను నవ్విన. ఓరి పిచ్చోడా, గది పిలుపురా అన్న. కడుగనియ్యలె."

"అక్కా, నాకు తెల్వక..."

"తెల్వకనే మంచిగైంది. మా ఊర్ల అయితె నా ఇల్లు అందరికి ఎర్క. పిలుపుకు వచ్చెటోళ్లు నా గడప కాడ ఆగకుంట దాటి పోదురు. మా ఆయన పోయినంక ఇయ్యాలటి దాక నన్నెవ్వలు పిలువలె. ఈడ ఎవరింట్ల ఎవలున్నరో నీకు తెల్వదాయె. అందుకె పిలిచినవ్." విస్తరి ముందుకు జరుపుకుంది. "ఇగ అన్నం వెయ్యి, ఆకలైతుంది."

నేను వడ్డిస్తూ ఆవిడనే చూశాను. ఎల్లారెడ్డిలో అయితే నేనూ దాటిపోయేదాన్నే. అక్కడ ఏ గడప ఎవరిదో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ తెలియడమే ఊరికి బలమని ఎన్నాళ్ల నుంచో నమ్ముకున్నాను. ఈ మూసిన గేట్లను చూసి భయపడ్డాను. అవే గేట్లు ఈ మనిషిని నా దగ్గరికి తెచ్చాయి. ఇది ఇట్లా కూడా జరుగుతుందా అని నాకు ఒళ్లు పులకరించింది. ఆవిడ పరమాన్నం రెండోసారి అడిగి వేయించుకుంది. నా బిడ్డ ఆవిడ పక్కనే కూర్చుని తింది.

వచ్చింది నలుగురే. గేట్లు ఇంకా ఎన్నో ఉన్నాయి.

అందరూ పోయాక మా ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చాడు. "ఎల్లారెడ్డి సారు చేస్తుండు. ఏమనాలె?"

"ఇల్లు ఇస్తున్నమని చెప్పు."

"నిజంగనేనా? ఆ వేడినీళ్లకే పడిపోయినవ్ గద?"

"నీ ఏసీ నువ్వు జూసుకో. గని, అరుగు మీద ఆడోళ్లు బీడీలకు కూసుంటరు, లేపద్దను."

"ఇల్లు కిరాయికిచ్చినంక అరుగు మనదెట్లయితదే?"

"ఇల్లిచ్చినం. అరుగు ఇచ్చినమా? ముందు ఆ మాట జెప్పు. ఒప్పుకుంటెనే తాళంచెవి."

ఆయన ఫోన్‌లో ఆ మాటే చెప్పాడు. అవతల ఆ సారు ఏమన్నాడో గాని, మా ఆయన నవ్వుకుంటూ, "ఆమె ఊకోదు సారూ" అంటున్నాడు.