నూట ముప్పై ఏడో వస్తువు

ఏలుమలై కూర్చోగా చూసినవాళ్లు ఆ యూనివర్సిటీలో తక్కువ. తీరప్రాంత అధ్యయన విభాగం గుమ్మం పక్కన ఆయన కోసం వేసిన స్టూలు మీద ఎప్పుడూ ఫైళ్లే ఉంటాయి. అటెండరుగా ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన చేసిన పనల్లా నడవడమే. విభాగం నుంచి స్కూలుకి, స్కూలు నుంచి అకడమిక్ సెక్షన్‌కి, అక్కడి నుంచి పరీక్షల విభాగానికి, మళ్లీ వెనక్కి.

లాస్‌పేట దాటాక వచ్చే ఆ ప్రాంగణంలో తొమ్మిది స్కూళ్లు, ముప్పై నాలుగు విభాగాలు ఉన్నాయి. ఏది దేని కిందికి వస్తుందో చూపించే పటం ఒకటి హ్యాండ్‌బుక్‌లో అచ్చువేశారు. కొత్తగా చేరినవాళ్లకి అది ఒక పట్టాన అర్థం కాదు. ఏలుమలై చెబితే అర్థమవుతుంది.

"నువ్వు చేరేది డిపార్టుమెంటులో. దానికి హెడ్డు ఉంటాడు, ఆయనది నీలం ఇంకు. నాలుగైదు డిపార్టుమెంట్లు కలిస్తే ఒక స్కూలు. దానికి డీను, ఆయనది పచ్చ ఇంకు. నీలం పడకుండా పచ్చ పడదు. పచ్చ పడకుండా నీకు డిగ్రీ రాదు. ఇంగేమన్నా అడగాల్నా?"

తాతల కాలంలో కూరగాయల వ్యాపారానికి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు అక్షరం మాత్రం రాదు. తోటపనికి దినకూలీగా చేరి, అటెండరై, పదేళ్లకి విభాగం స్టాక్ రిజిస్టర్‌కి బాధ్యుడయ్యాడు. కుర్చీల నుంచి గోడ గడియారం దాకా విభాగం సొత్తు మొత్తం ఆ పుస్తకంలో ఉంటుంది. ఏడాదికోసారి స్టోర్స్ నుంచి మనిషి వచ్చి ఒక్కొక్క వస్తువూ చూసి ఎర్ర సిరాతో టిక్కు పెడతాడు. ఏలుమలై పుస్తకంలో ఎర్ర టిక్కు తప్ప ఎర్ర మాట ఏనాడూ పడలేదు. కదిర్కామంలో ఉన్న తన ఇంటి గురించి కూడా ఆయన ఇంత గొప్పగా చెప్పుకోడు.

జూన్ చివరి సోమవారం ఉత్తర్వు వచ్చింది. ఇద్దరే అధ్యాపకులున్న తీరప్రాంత విభాగాన్ని పర్యావరణ విభాగంలో కలిపేశారు. ఇన్నాళ్లూ సామాజిక శాస్త్రాల స్కూలు కింద ఉన్నది, ఇకనుంచి ప్రకృతి శాస్త్రాల స్కూలు కిందికి పోతుంది. బుధవారం స్టాక్ తనిఖీ, అదే రోజు సాయంత్రం ఛార్జి అప్పగింత.

విభాగాధిపతి సుందరమూర్తి ఉత్తర్వుని రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కీర్తి వైవా శుక్రవారం కదా, ఏలుమలై?"

"అవును సార్."

"శుక్రవారానికి నేను హెడ్‌ని కాను."

కీర్తి యానాం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. తేంగాయితిట్టు రేవులో చేపల వేలం దగ్గర ఆడవాళ్లు ధర ఎలా కడతారన్నది ఆమె సిద్ధాంత వ్యాసం. మొదటిరోజు ఆమెని మోపెడ్ వెనక ఎక్కించుకుని రేవుకి తీసుకెళ్లినవాడు ఏలుమలై. తన ఇంటికి చేపలిచ్చే తాయమ్మాళ్ పక్కన ఆమెని కూర్చోబెట్టినవాడూ ఆయనే. అయిదేళ్లు గడిచాయి. ఇప్పుడు యానాంలో ఒక కాలేజీ ఆమెకి లెక్చరర్ ఉద్యోగమిచ్చింది. జూలై పదో తేదీలోగా డిగ్రీ పూర్తయినట్టు కాగితం చూపించాలి. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాత ఉన్నవాళ్లకి పోతుంది.

వైవా ముందుకి జరపడం కుదరదు, బయటి నుంచి వచ్చే పరీక్షకుడు శుక్రవారం తప్ప రాలేనన్నాడు. వైవా కాకుండా, అది అయినట్టు తెలిపే ఫారం మీద ముందే సంతకం పెట్టే మనిషి కాదు సుందరమూర్తి. మంగళవారం పొద్దున ఫారం పట్టుకుని ఏలుమలై బయల్దేరాడు.

కొత్త స్కూలు డీన్ ఆఫీసులో గుమాస్తా విమల్ ఫారం తిప్పి చూసి తమిళంలో అడిగాడు. "మీ అమ్మాయి చదివింది చేపలనా, చేపలమ్మే ఆడవాళ్లనా?"

"ఇద్దర్నీ."

"చేపలైతే మా స్కూలు. ఆడవాళ్లైతే మీ పాత స్కూలు. ఇద్దర్నీ అంటే కొత్త కమిటీ వేయాలి. కమిటీ కూర్చునేది సెప్టెంబరులో."

పరీక్షల విభాగంలో అంతకన్నా తక్కువ మాటల్లో తేలిపోయింది. లేని విభాగానికి హెడ్ ఉండడు. లేని హెడ్ సంతకం చెల్లదు.

చివరికి అకడమిక్ సెక్షన్‌లో అరవిందన్ ఉత్తర్వు తీసి నాలుగో పేరా మీద వేలు పెట్టాడు. "ఇక్కడ చూడండి. స్టాక్ తనిఖీ పూర్తయి ఛార్జి అప్పగించేదాకా పెండింగు పనులు పాత స్కూలు కిందే, పాత హెడ్డే చూడొచ్చు. కానీ ఏం లాభం? మీ స్టాక్ అరగంట పని. మీ పుస్తకంలో తేడా ఎప్పుడుంది గనక?"

ఆ మెచ్చుకోలు పట్టుకుని ఏలుమలై మెట్లు దిగాడు. నాలుగు మెట్లు దిగాక ఆగిపోయాడు.

పుస్తకంలో తేడా ఉంది. నూట ముప్పై ఏడో వస్తువు, ఇరవై కిలోలు తూచే స్ప్రింగు కాటా. కీర్తి రేవులో వాడడానికి తీసుకెళ్లింది. పని అయ్యాక తాయమ్మాళ్ "రెండ్రోజులుంచు" అంటే అక్కడే వదిలేశారు. ఆ రెండ్రోజులు ఏడాది కావస్తోంది. బుధవారం పొద్దున్నే పోయి తెచ్చి గోడకి తగిలిద్దామని ఆయన నిన్ననే అనుకున్నాడు.

బుధవారం ఆరున్నరకి మోపెడ్ తీశాడు. మరప్పాలం సిగ్నల్ దగ్గర ఎరుపు పడింది. ఎడమకి తిరిగితే తేంగాయితిట్టు. చేపల వ్యాన్లు ఎదురొస్తున్నాయి, రోడ్డంతా మంచునీళ్లు కారుతున్నాయి. కాటా తెస్తే పన్నెండు గంటలకల్లా తనిఖీ అయిపోతుంది, పుస్తకం ఎప్పటిలాగే శుభ్రంగా ఉంటుంది, సాయంత్రానికి హెడ్ పోతాడు. తేకపోతే హెడ్ ఉంటాడు, పుస్తకం పాడవుతుంది. పచ్చ వెలిగింది. వెనక ఆటోవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. ఏలుమలై బండిని కుడివైపు లాగి, వచ్చిన దారినే తిరిగి పోయాడు.

పది గంటలకి స్టోర్స్ నుంచి సౌందరరాజన్ వచ్చాడు. ఆయనదీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబమే. ఇద్దరూ ఒకే ఏడాది సర్వీసులో చేరారు.

"రాప్పా, నీ పెండ్లి సామాను చూపించు," అని ఎర్ర పెన్ను మూత తీశాడు. ఒకటి, రెండు, యాభై, వంద. టిక్కులు పడుతున్నాయి. "నూట ముప్పై ఏడు. స్ప్రింగు కాటా. యాడ?"

"ఉండాలే."

"ఉండాలంటే? ఉండాదా, లేదా?"

పక్కగదిలో వైవా స్లయిడ్లు చూసుకుంటున్న కీర్తి తల బయటపెట్టింది. "బాబాయ్ గారూ, అది మనం..."

"పాపా, నువ్వు పోయి నీ పని చూస్కో," అన్నాడు ఏలుమలై. గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే సౌందరరాజన్ కూడా తలెత్తి చూశాడు.

వరండాలో ఆమె ఆయన్ని పట్టుకుంది. "అదేంటండీ, కాటా తాయమ్మాళ్ గారి దగ్గరే కదండీ ఉంది? ఆటోలో పోయి గంటలో తెచ్చేస్తాను. మీ పుస్తకంలో ఇప్పటిదాకా మాట రాలేదు కదండీ."

"పోవద్దు."

"తీసుకెళ్లింది నేనే కదండీ..."

"పాపా, కాటా దొరికిందంటే సారు సాయంత్రం ఛార్జి ఇచ్చేస్తాడు. శుక్రవారం నీ ఫారం మీద ఎవురు ఎయ్యాల సంతకం? నేనా?"

ఆమెకి అర్థమైంది. "నా కోసం మీకెందుకండీ ఈ..."

"నీ కోసమని ఎవురు చెప్పినారు? అయిదేండ్లు ఈ ఫైలుని మోసినా. ఎన్నిసార్లు మెట్లెక్కి దిగినానో నాకు తెల్సు. ఇప్పుడు సెప్టెంబరు దాకా మళ్లీ మోయమంటావా? పోయి చదువుకో."

సాయంత్రం అయిదు వరకూ సౌందరరాజన్ ఆగాడు. తర్వాత పెన్ను తీసి కాసేపు పట్టుకుని కూర్చున్నాడు. "ఇన్నేండ్లలో నీ పుస్తకంలో ఈ మాట రాయలా నేను," అంటూ ఆ వరుసలో 'లేదు' అని రాశాడు. "సోమవారం దాకా గడువు. దొరక్కపోతే మెమో. దొరికినా మెమోనే, లేటుకి. అందాకా తనిఖీ పూర్తయినట్టు కాదు."

గురువారం ఏలుమలై స్టూలు మీది ఫైళ్లు కింద పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. ఫైళ్లన్నీ తనిఖీ తేలేదాకా ఆగిపోయాయి, తీసుకుపోవడానికి ఒక్క కాగితం లేదు. రేవు ఎనిమిది కిలోమీటర్లు. మోపెడ్ చెట్టు కిందే ఉంది. దారిన పోయే ప్రతివాడూ ఆగి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. పదకొండింటికి నీళ్ల బిందె నింపాడు, నిండిన బిందె ఒంపి మళ్లీ నింపాడు. మూడింటికి సుందరమూర్తి బయటికొచ్చారు.

"కాటా దొరికిందా?"

"వెతుకుతా ఉండా సార్."

సుందరమూర్తి స్టూలు వైపు చూశారు, ఆయన వైపు చూశారు. లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం ఇంట్లో కూడా కాలు ఆడుతూనే ఉంది. భార్య జయలక్ష్మమ్మ చిక్కుడుకాయలు వొలుస్తోంది. "కాలు ఆడించొద్దు, మంచం ఊగుతా ఉంది. ఆ కాటా కోసమేనా? దాని గురించి నువ్వు ఇంగ బాధపడొద్దులే."

"ఏంది?"

"మధ్యాన్నం తాయమ్మాళ్ చేపలు తెచ్చింది. చెప్పినా. అయ్యో, నా కాడ ఉండాదే అనె. రేపు పొద్దున ఆటోలో మీ ఆఫీసుకే పంపిస్తాదంట."

ఏలుమలై లేచి నిలబడ్డాడు. "ఎవురు చెప్పమన్నారు నిన్ను?"

"మంచి చేస్తే దానికీ అరుస్తావా? రెండ్రోజులుగా నీ మొగం చూడలేక చెప్పినా!"

తాయమ్మాళ్‌కి ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. వేలం మొదలైతే ఆమె ఫోన్ గంపలో ఎక్కడో అడుగున ఉంటుందని ఆయనకి తెలుసు.

శుక్రవారం పదింటికి వైవా మొదలైంది. గది తలుపు వేశారు. కీర్తి గొంతు మొదట సన్నగా, తర్వాత స్థిరంగా వినిపించింది. ఏలుమలై అక్కడ నిలబడలేదు. గేటుకీ విభాగానికీ మధ్య ఉన్న దారిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పదకొండుకి ఆటో వచ్చింది. గోనెసంచిలో చుట్టిన మూటని డ్రైవరు ఆయన చేతిలో పెట్టాడు. ఇనుప కొక్కెం సంచి చించుకుని బయటికి పొడుచుకొచ్చింది.

"వెనక్కి తీసకపో," అన్నాడు ఏలుమలై తమిళంలో.

"ఇచ్చి రమ్మంది సార్."

"ఇచ్చినావు. ఇప్పుడు తీసకపో. సోమవారం పొద్దున నేనొస్తానని చెప్పు."

"ఏందప్పా ఆ మూట?"

ఏలుమలై వెనక్కి తిరిగాడు. గేటు పక్క టీ కొట్టు దగ్గర సౌందరరాజన్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"చేపలు."

"శుక్రవారం మీ ఇంట్లో చేపలా? జయలక్ష్మమ్మ ఎప్పుడు మారింది?"

సౌందరరాజన్ కళ్లు కొక్కెం మీద ఆగాయి. తర్వాత అటు, తీరప్రాంత విభాగం ఉన్న వైపు చూశాడు. అక్కడ తలుపు ఇంకా మూసే ఉంది. టీ చివరి గుక్క దాకా తాగి గ్లాసు కొట్టు బల్ల మీద పెట్టాడు.

"నేను టీ తాగేదానికి వచ్చినా. టీ తాగేటప్పుడు స్టాక్ చూడను. కానీ సోమవారం చూస్తా. మెమో రాస్తా. అది నీకూ తెల్సు కదా?"

"తెల్సు."

ఆటో తిరిగిపోయింది.

ఒంటిగంట దాటాక తలుపు తెరిచారు. బయటి పరీక్షకుడు నవ్వుతున్నాడు. సుందరమూర్తి ఫారం మీద నీలం సిరాతో సంతకం చేసి, తేదీ వేసి, కాగితాన్ని ఏలుమలై చేతికే ఇచ్చారు. కీర్తి వచ్చి వంగబోతే ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "జరుగు పాపా, భోజనానికి లేస్తే డీను మూడింటికి గానీ రాడు," అని బయల్దేరాడు. ఒకటీ ఇరవైకి పాత స్కూలు డీన్ పచ్చ సంతకం. ఒకటీ నలభైకి పరీక్షల విభాగం ముద్ర. ఎనిమిదో తేదీ ఉదయం ఆమె కాగితం తీసుకుని యానాం బస్సెక్కింది.

సోమవారం ఏలుమలై రేవుకి వెళ్లి కాటా తెచ్చాడు. దాని ముల్లు పావుకిలో ఎక్కువ చూపిస్తోంది, చేపల వాసన పోలేదు. సౌందరరాజన్ 'లేదు' అన్న మాటని కొట్టేయలేదు. దాని పక్కనే 'తర్వాత దొరికింది' అని రాసి, ఎక్కడ దొరికిందో చెప్పమన్నాడు.

"తేంగాయితిట్టులో. నాకు ముందే తెల్సు. అట్లే రాసుకో."

సౌందరరాజన్ రాసుకున్నాడు. మధ్యాహ్నానికి విభాగం బోర్డు తీశారు.

మూడోరోజు మెమో తయారైంది. స్టోర్స్ నుంచి కొత్త స్కూలు డీన్ ఆఫీసుకి ఫైలు పోవాలి. మోసేవాడు ఇంకెవరూ లేరు. విమల్ పియూన్ బుక్ తెరిచి, ఇచ్చినవాడు ఎవరు అన్న గడిలో ఏలుమలై చేత సంతకం పెట్టించాడు. తర్వాత ఫైలు విప్పి పైకాగితం చదివాడు, పేరు దగ్గర ఆగాడు, తలెత్తి ఆయన్ని చూశాడు.

"ఇది... మీదేనా?"

"నాదే."

"అయితే మెమో అందుకున్నట్టు కూడా మీరే పెట్టాలి."

ఏలుమలై పక్క గడిలో మరో సంతకం పెట్టాడు. కొత్త ఆఫీసులో ఆయనకి చేతులున్న కుర్చీ వేశారు. విమల్ అది చూపించి కూర్చోమన్నాడు.

"డీను సంతకం పడేదానికి ఎంతసేపు?" అని అడిగాడు ఏలుమలై.

"అరగంట."

"అయితే అకడమిక్ సెక్షన్‌కి పోయేవి ఏమన్నా ఉంటే ఇయ్యి. పోయొస్తా."