క్యూలో నా రాయి

బెంగళూరులో మా కె.ఆర్.పురం కిరసనాయిలు డిపో ముందర మనుషులు నిలబడరు, రాళ్ళు నిలబడతాయి. తెల్లారేసరికి వరసగా రాళ్ళు, ఇటుక ముక్కలు, సొట్ట డబ్బాలు, ఎవరిదో తెగిన చెప్పు. ఏ రాయి ఎవరిదో వీధికంతా తెలుసు. నాది మూల విరిగిన ఎర్రరాయి. దాన్ని పెట్టి ఇంటికి పోయి, స్నానం చేసి, కాఫీ తాగి, నిదానంగా వచ్చినా నా తావు నాకే ఉంటుంది. ఎవడన్నా జరిపినాడా, పెద్ద గలాటె.

ఇంత నాగరికత ఒంటబట్టించుకొని, ఎనభైల మొదట్లో నేను రష్యాకు పోతిని. రష్యా అని మావాళ్ళు అన్నారు గానీ, పోయింది ఉక్రెయిన్‌లో ఖార్కోవ్‌కు. అక్కడి మిషన్లు నేర్చుకొని రమ్మని మా ఫ్యాక్టరీ వాళ్ళు పదినెలలకు పంపినారు. ఆ తేడా చెప్పబోతే మా మామ, "ఏదైతే ఏమప్పా, చలి ఒకటే కదా" అనేసి, చిక్కపేటలో ఒక జత షూస్ కొనిచ్చినాడు. చలి గురించి ఆయనకు తెలియంది లేదు. ఒకసారి నందిబెట్టం కొండ మీద పొద్దున్నే వణికినాడంట.

అక్కడ నేను పెద్ద వింత. ట్రాములో పిల్లలు నా జుట్టు పట్టి చూసేవాళ్ళు. మీ ఊర్లో ఏనుగుల మీద పనికి పోతారా అని అడిగితే, లేదు, సీట్లు దొరకవు, వేలాడుకుంటా పోతాము అంటిని. నమ్మినారు పాపం. మాంసం తిననంటే క్యాంటీనామె జాలిపడి, దాన్నే సన్నగా తరిగి పెట్టింది.

వీటన్నిటికంటే పెద్ద పీడ మా హాస్టల్ అవ్వ. వాకిలి దగ్గర కాపలాకు కుర్చీ వేసుకొని, మెళ్ళో తాళాలగుత్తి వేలాడదీసుకొని కూర్చునేది. టోపీ లేకుండా బయట అడుగుపెడితే సుప్రభాతం మొదలు. ఆమె మాటల్లో సగమే నాకు అర్థమయ్యేది. ఆ సగమే చాలు, మిగతా సగం ఊహించుకోవచ్చు. ఆమె ఎడమ బూటు అడుగు ఊడిపోయి, పురికొసతో కట్టి ఉండేది. ఊరందరి తలకాయలూ చూసే ఆమెకు తన కాళ్ళు కనబడవా అని నాలో నేనే నవ్వుకునేవాణ్ణి.

నవంబర్‌లో మంచు పడింది. మామ షూస్ తొలిరోజే నీళ్ళు తాగినాయి. వారానికి నా కాలివేళ్ళు నావి కానట్టు మొద్దుబారిపోయినాయి. ఫ్యాక్టరీ డాక్టరు గిచ్చి చూసి, "బొచ్చు బూట్లు కొనుక్కో, లేకుంటే రెండు మూడు వేళ్ళు ఇక్కడే వదిలిపెట్టి పోతావు" అన్నాడు. ఏదో గొడుగు మరిచిపోతావు అన్నట్టు చెప్పినాడు మహానుభావుడు. అంగట్లో అడిగితే అవి ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తాయంట.

నా అదృష్టం, ఒక పొద్దున వచ్చినాయి. మగవాళ్ళవి హాస్టల్ పక్క అంగట్లో, ఆడవాళ్ళవి రోడ్డుకు అవతల అంగట్లో. రెండుచోట్లా మైలు పొడుగు క్యూ. ఒకాయన నా అరచేతిలో పెన్సిలుతో అరవైమూడు అని రాసి ఏమేమో చెప్పినాడు. "మళ్ళీ రావాలి" అన్నది మాత్రం అర్థమయింది. ఓస్ ఇంతేనా! మంచులో వెతికి మంచి రాయి ఒకటి తెచ్చి, నా ముందరాయన వెనకాల పెట్టేస్తిని. యాడికి పోయినా బెంగళూరోడు బెంగళూరోడే అని నా భుజాలు నేనే చరుచుకుంటిని. హాస్టల్ వాకిట్లో అవ్వకు అరచెయ్యి చూపించి, కిటికీలోంచి రాయి కూడా చూపిస్తిని. ఆమె నెత్తి కొట్టుకొని తిట్లు మొదలుపెట్టింది. టోపీ గురించే అనుకొని డ్యూటీకి పోతిని.

సాయంత్రం వచ్చేసరికి నా రాయి కాలవలో ఉండాది. "నా రాయి తీసిందెవడ్రా!" అని తెలుగులోనే ఎగిరితిని. తప్పు వాళ్ళది కాదు. ఆ ఊరి పద్ధతి వేరు. రెండు గంటలకొకసారి వరసగా నంబర్లు పిలుస్తారు. పలకలేదా, కొట్టేస్తారు. రాయి యాడ పలుకుతుంది?

కానీ అరవైమూడు పలుకుతానే ఉండాది. నా తావులో తాళాలగుత్తి వేసుకొని అవ్వ నిలబడి ఉండాది! పొద్దుటినుంచి ప్రతి పిలుపుకూ నా బదులు ఆమే పలికిందంట. నన్ను చూసి రెక్కపట్టి లాగి తన తావులో నిలబెట్టి, చెవుల మీదికి టోపీ దించి, పదిమంది ముందర కడిగేసి వెళ్ళిపోయింది.

బూట్లు దొరికినాయి. లోపల బొచ్చు, అబ్బా, పండగే! అవ్వకు చూపిద్దామని ఎగురుకుంటా పోతిని. ఆమె టీ గ్లాసు రెండు చేతులా పట్టుకొని కూర్చోనుండాది. గ్లాసు దించితే చూస్తిని. ఎడమ అరచేతిలో అరవైమూడు. కుడి అరచేతిలో పద్దెనిమిది, దాని మీద అడ్డగీత.

పద్దెనిమిదేంది అంటిని. ఆమె గడ్డంతో రోడ్డు అవతలి అంగడి చూపించింది. "రెండుచోట్లా ఒకే టయానికి పిలుస్తారు. నేను ఒక్కదాన్నే కదా" అనింది.

సిగ్గుతో నా తల లేవలేదు. ఆమె కాళ్ళు చూసి అన్ని దినాలు నవ్వింది నేనే కదా.

ఆ తరువాత ప్రతి ఆదివారం పోయి ఆడవాళ్ళ బూట్లు వచ్చినాయా అని అడిగి వచ్చేవాణ్ణి. నేనున్నన్నాళ్ళూ మళ్ళీ రాలేదు. మంచు కరిగేదాకా పొద్దున్నే డ్యూటీకి పోయేముందు ఆమె బూటుకున్న ఆ పురికొస విప్పి, గట్టిగా బిగించి కట్టి పోయేవాణ్ణి. అట్ల వంగినప్పుడు నా టోపీ జారిపోయిందని కూడా తిట్టేది.